ఉత్ప్రేరకం గారికి ఒక బహిరంగ లేఖ

ఉత్ప్రేరకం గారి సముఖానికి,

రసాయన శాస్త్రం చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన ఒక విశ్రాంత అధ్యాపకుడు విజయవాడ నుంచి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. రసాయన చర్యను వేగిరపరుస్తూ అందులో తాము మాత్రం ఖర్చు కాని వారు కనుక మీ క్షేమం అడగనక్కర లేదు.

మొన్న ఆదివారం ఒక సన్మాన సభకు వెళ్ళాను. శాలువా కప్పించుకుంటున్న పెద్దమనిషిని 'మన నగర ప్రగతికి ఉత్ప్రేరకం' అన్నాడు ఒక వక్త. రెండో వక్త ఆయన సతీమణికి కూడా ఆ హోదా ఇచ్చాడు. మూడో ఆయన ఎవరి మీదా భారం వేయకుండా తనకు తానే ఇచ్చుకున్నాడు. గంటన్నరలో వేదిక మీద మూడు ఉత్ప్రేరకాలు చేరాయి. చర్య మాత్రం టిఫిన్ పొట్లాల దగ్గర తప్ప ఎక్కడా జరగలేదు.

నేను తరగతిలో చెప్పింది వేరు. పొటాషియం క్లోరేటును ఒంటరిగా వేడి చేస్తే ఆక్సిజన్ బతిమాలించుకుని గాని రాదు. చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్, అదే ఆ నల్లటి పొడి, కలిపితే తక్కువ వేడికే గబగబా వచ్చేస్తుంది. పని ముగిశాక నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆరబెట్టి తూచితే వేసినంత పొడీ తిరిగి దొరుకుతుంది. మీ పేరు పెట్టుకున్న వారిని పదవికి ముందూ తరువాతా ఇలాగే తూచమనండి. బరువు పెరిగిందని తేలితే పరువు నష్టం దావా వేయండి, సాక్ష్యానికి నేను వస్తాను.

కొంత తప్పు పేరులోనే ఉందేమో. 1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ గ్రీకు నుంచి తెచ్చిన 'కెటాలిసిస్' అనే మాటకు సడలడం, విడిపోవడం అని అర్థం. మనవాళ్ళు 'ఉత్' తగిలించి మిమ్మల్ని పైకి తోసేవారిగా మార్చారు. మీరు ఎవరినీ పైకి తోయరు. చర్య జరగడానికి దాటవలసిన ఉత్తేజన శక్తి అనే కొండ అడ్డంగా ఉంటే, మా చిట్టినగర్ సొరంగంలాగా కింద నుంచి దారి చూపిస్తారు, అంతే. సొరంగంలో వెళ్ళేవారూ ఉంటారు, వచ్చేవారూ ఉంటారు. మీరూ పురోగామి చర్యను ఎంత పరుగెత్తిస్తారో తిరోగామి చర్యనూ అంతే పరుగెత్తిస్తారు, ఆ రెండూ సరితూగే సమతాస్థితిని మాత్రం కదపరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ పెద్దమనిషి వక్త మీద కేసు పెట్టేవాడు.

అసలు సన్మానం ఇనుముకు జరగాలి. నత్రజని, ఉదజని కలిసి అమ్మోనియా అయ్యే చోట మీరు ఇనుము వేషంలో ఉంటారు. ఆ వేషం కుదరడానికి జర్మనీలో మిట్టాష్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం వేల ప్రయోగాలు చేసింది. 1913 నుంచి కర్మాగారంలో కొలువు. ఆ అమ్మోనియా లేనిదే యూరియా లేదు, యూరియా బస్తా కోసం మా డెల్టా రైతు పడే పాట్లు మీరు చూడలేదు. అయినా మీకు ఒక్క శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. కప్పినా ఆ చర్య జరిగే 450 డిగ్రీల దగ్గర మాడిపోయేదనుకోండి.

మిమ్మల్ని పడగొట్టే విషమూ ఉంది. గంధకామ్లం తయారీలో ఆర్సెనిక్ కాస్త తగిలితే చాలు, మీ ప్లాటినం వేషం చచ్చుబడిపోయేది. చివరికి ఆ ఉద్యోగం వెనేడియం పెంటాక్సైడ్‌కు దక్కింది. మైకులో ఆర్సెనిక్ ఉంటుందని నా అనుమానం.

ఇంతకీ ఉత్తరం రాసిన పని వేరే ఉంది. వచ్చే ఆదివారం సన్మానం నాకట. ఆహ్వాన పత్రికలో నా పేరుకు ముందు 'విద్యారంగ ఉత్ప్రేరకం' అని బంగారు రంగులో అచ్చు వేశారు. వెళ్ళాలో మానాలో తేలక నిన్న మందుల దుకాణంలో బరువు చూసుకున్నాను. 78 కిలోలు. ఉద్యోగంలో చేరిన రోజున 52.

ఇట్లు,
మీ పాత మాష్టారు