సింహం బొమ్మ కింద ఎవరి పిల్లలు?

కూడలిలో మళ్లీ ఫ్లెక్సీ లేచింది. పైన జూలు విరబోసుకున్న సింహం, దాని పక్కన నాయకుడి ముఖం, కింద మూడు వరసల్లో కుర్రాళ్ల ఫోటోలు. అంతకు రెండు రోజుల ముందు పుట్టినరోజు సభలో ఆయన ఏం మాట్లాడారో జిల్లా అంతా ఫోన్లలో చూసింది. అడవిలో రెండు సింహాలకు చోటుండదట. గెలిచిన సింహం ఓడినదాని పిల్లల్ని కూడా మిగల్చదట, అది ప్రకృతి ధర్మమట. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు. వాళ్లు ఈలలు వేశారు. ఆ సభ ఎవరిదో పాఠకులకు తెలుసు. పేరు అచ్చువేసి ఆయనకు ఇంకో ఫ్లెక్సీ కట్టే ఉద్దేశం మాకు లేదు.

ఇంకెక్కడైనా అయితే నోటి దురుసు అనుకుని వదిలేయొచ్చు. కడప, కర్నూలు, అనంతపురాల్లో వదిలేయడానికి వీల్లేదు. పగవాడి కొడుకుకు మీసం వచ్చిందా లేదా అని లెక్క చూసుకున్న ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. కోర్టు వాయిదాకు పోతే మనిషి సాయంత్రానికి ఇల్లు చేరతాడో లేదో అని వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు ఉన్నారు. నాటు బాంబులో చెయ్యి పోయి ఇవాళ్టికీ ఎడమ చేత్తో అన్నం తింటున్నవాళ్లు ఉన్నారు. ఇలాంటి గడ్డ మీద నిలబడి, మైకు పట్టుకుని, ఓడినవాడి పిల్లల్ని మిగల్చకూడదని చెబితే దాని అర్థం సింహాల దగ్గర ఆగదు.

సింహం పోలిక శౌర్యానికి గుర్తేనని, అభిమానుల ఉత్సాహాన్ని ఇంతగా పట్టించుకోనక్కర్లేదని, ఫ్యాక్షన్ ఎప్పుడో చల్లారిందని కొందరు అంటున్నారు. చల్లారిన మాట చాలావరకు నిజమే. చల్లారిన పొయ్యిలో మళ్లీ పుల్ల పెట్టేవాడిని ఏమనాలి?

సింహం పేరు చెప్పుకునేవాళ్లు ముందు అది ఎలా బతుకుతుందో తెలుసుకోవాలి. మగ సింహం పిల్లకు రెండు మూడేళ్లు వచ్చేసరికి పుట్టిన గుంపులోంచి బయటికి గెంటేస్తారు. సొంత చోటు ఉండదు, వేటలో చెయ్యి తిరిగి ఉండదు, ఎవరి హద్దులో కాలు పెట్టినా తరిమి కొడతారు. ఆ తిరుగుడులోనే చాలా మగ సింహాలు చచ్చిపోతాయి. బతికి బయటపడేవాటికి ఉన్న బలం తోడు. అన్నదమ్ములు, పినతల్లి పెత్తల్లి పిల్లలు ఒక జట్టుగా తిరుగుతాయి. చుట్టాలు లేని ఒంటరి సింహం ముక్కూ మొహం తెలియని ఇంకో ఒంటరిదానితో కలుస్తుంది. టాంజానియాలోని సెరెంగెటిలో 1966 నుంచి సింహాల మీద పరిశోధన జరుగుతోంది. అక్కడ తేలిందేమిటంటే, ఒక్క మగ సింహం గుంపును పట్టి నిలబెట్టుకోవడం అరుదు. జట్టు ఎంత పెద్దదైతే పెత్తనం అంత ఎక్కువ కాలం సాగుతుంది. అడవిలో రెండు సింహాలకు చోటుండదన్న మాటే తప్పు. రెండు కలిస్తేనే చోటు దొరుకుతుంది.

ఆ పెత్తనమైనా ఎన్నాళ్లు? సగటున రెండు మూడేళ్లు. ఆ తర్వాత ఇంకో జట్టు వస్తుంది. దెబ్బలు తిన్న పాత సింహం కుంటుకుంటూ పొలిమేర దాటిపోతుంది, లేదా అక్కడే చస్తుంది. దక్షిణాఫ్రికాలో 2006 నుంచి కొన్నేళ్ల పాటు పెద్ద ప్రాంతాన్ని గడగడలాడించిన ఆరు మగ సింహాల జట్టు వీడియోలు మన కుర్రాళ్ల ఫోన్లలో రీల్స్‌గా తిరుగుతున్నాయి. ఒక్కో సింహానికి మన ఊరి నాయకుడి పేరు తగిలించి, వెనక డప్పుల మోత పెట్టి పంచుకుంటున్నారు. ఆ ఆరింటికి చివరికి ఏమైందో ఆ రీల్స్‌లో ఉండదు. జట్టు చీలింది. కొత్తగా వచ్చిన మగ సింహాల చేతుల్లో కొన్ని చచ్చాయి. 2012 నాటికి వాటి ఆట ముగిసింది. ఆరేళ్లు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మగ సింహం తన పోరు తానే పోరాడుతుంది. హద్దు కాపాడుకోవడానికి చెట్లకు, పొదలకు మూత్రం చిమ్ముతుంది. రాత్రిపూట గర్జిస్తుంది, అది ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుంది. చాలా తగాదాలు ఆ గర్జనతోనే తేలిపోతాయి, ఎందుకంటే ఒంటి మీద పడే గాయం ఎంత ఖరీదో దానికి తెలుసు. శాస్త్రవేత్తలు స్పీకర్లు పెట్టి పరాయి మగ సింహాల గర్జన వినిపించినప్పుడు ఆ హద్దు తాలూకు మగ సింహాలు తామే లేచి ఆ శబ్దం వైపు నడిచాయి. పక్కనున్న తోడు సొంత తమ్ముడా, బయటి నుంచి వచ్చి కలిసినవాడా అన్న తేడా చూపలేదు. పళ్లు ఊడేది దానికే, కాలు విరిగేది దానికే, పోతే పోయేది దాని ప్రాణమే.

మన సింహాలు ఎప్పుడు ఎదురెళ్లాయి? ఏ ఊరి కేసు తీసినా ఒకటే వరస. కొడవలి పట్టినవాడు కూలివాడి కొడుకు. బాంబు చుట్టినవాడు రెండెకరాల మెట్ట ఉన్న రైతు కొడుకు. చచ్చినవాడూ అలాంటివాడే. జైలుకు పోయినవాడూ అలాంటివాడే. నాయకుడి కొడుకు మాత్రం ఆ పూట బెంగళూరులోనో అమెరికాలోనో చదువుకుంటూ ఉంటాడు. చదువుకోనివ్వండి, మంచిదే. మరి ఈ కూడలిలో ఈలలు వేసిన పిల్లలు ఎవరి కొడుకులు? వీళ్లను చదువుకోనివ్వకుండా సింహం కథ చెబుతున్నది దేనికి? తన పోరుకు పక్కింటి పిల్లను పంపిన సింహం ఏ అడవిలోనూ లేదు.

పిల్లల్ని చంపడం సంగతి కూడా మాట్లాడుకుందాం. అది నిజమే, సింహాలు చేస్తాయి. గుంపును గెలుచుకున్న కొత్త మగ సింహాలు పాతవాటి చిన్న పిల్లల్ని చంపేస్తాయి. పిల్లలు తన వెంట ఉన్నంత కాలం, అంటే ఏడాదిన్నర రెండేళ్ల దాకా, తల్లి మళ్లీ ఎదకు రాదు. కొత్త మగవాటికి ఉన్న గడువే రెండు మూడేళ్లు. పిల్లలు పోతే తల్లి కొద్దికాలంలోనే ఎదకు వస్తుంది. చూడటానికి ఘోరమే గానీ అందులో పగ లేదు. తప్పించుకుపోయిన పిల్ల ఫలానావాడి కొడుకని సింహం గుర్తుపెట్టుకోదు. ఇరవై ఏళ్ల తర్వాత వాడి పెళ్లి దారిలో కాపు కాయదు. తాత చేసినదానికి మనవడిని వెతికి పట్టుకోవడం మనిషికే తెలిసిన పని. అది ప్రకృతి ధర్మం అని పిల్లలకు చెప్పడం పచ్చి అబద్ధం.

తల్లి సింహం కూడా ఊరికే చూస్తూ ఉండదు. గుజరాత్‌లోని గిర్‌లో ఆడ సింహాలు తమ పరిధిలో తిరిగే వేర్వేరు జట్ల మగవాటితో జతకడతాయని, ఏ పిల్ల ఎవరిదో తెలియకపోవడం వల్ల మగవి పిల్లల జోలికి పోవని పరిశోధకులు గమనించారు. ఆ గిర్‌లోనే 2025 లెక్కల ప్రకారం 891 సింహాలున్నాయి. మన తల్లులు ఏం చేశారో మనకు తెలుసు. పదేళ్ల పిల్లాడిని రాత్రికి రాత్రి బస్సెక్కించి మేనమామ ఊరికి పంపారు. పేరు చివర తోక తీసేసి హాస్టళ్లలో చేర్చారు. పండక్కి కూడా రావద్దని ఫోన్లో ఏడ్చారు. ఈ సీమలో ఫ్యాక్షన్ తగ్గిందంటే అందులో పెద్ద వాటా ఆ తల్లులది. సభల్లో శాలువా కప్పించుకునేవాళ్లది కాదు.

మాది నరసింహుడి గడ్డ, సింహం మా రక్తంలోనే ఉందని ఆ సభలోనే ఇంకొకాయన అన్నారు. అహోబిలం మనదే, కదిరి మనదే, ప్రతి ఊళ్లో ఒక నరసింహులు ఉంటాడు. ఆ కథలో నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చింది ఒక పిల్లవాడిని కాపాడటానికి. ప్రహ్లాదుడు ఎవరి కొడుకో తెలియనివాళ్లు లేరు. శత్రువు కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకున్న దేవుడి పేరు చెప్పి, శత్రువు పిల్లల్ని మిగల్చొద్దని మాట్లాడతారా? రేనాటి గడ్డ మీద తెల్లవాళ్లకు ఎదురు తిరిగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం ముందు ఉరితీశారు. ఆయన తన పోరుకు తన మెడే ఇచ్చారు. ఆ పేరు వాడుకోవాలంటే అంత తెగువ ఉండాలి.

పోలీసుల్ని కూడా అడగాలి. రౌడీషీటర్లను బైండోవర్ చేసేటప్పుడు చూపించే హుషారు ఈ సభ విషయంలో ఎందుకు లేదు? వీడియో ఉంది, మాట స్పష్టంగా ఉంది, విన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. కాలేజీ బస్సుల్లో పిల్లల్ని సభకు తరలించిన యాజమాన్యాలను పిలిచి అడిగిందెవరు? తరగతులు మానిపించి జెండాలు మోయించడానికి ఆ తల్లిదండ్రులు ఫీజులు కడుతున్నారా? ప్రత్యర్థి వర్గం కూడా పత్తిత్తులా ఖండన ప్రకటన ఇచ్చింది. గత ఎన్నికలప్పుడు వాళ్ల ఊరేగింపు ముందు నడిచిన బండి మీదా సింహం బొమ్మే ఉంది. దాని చుట్టూ ఎగిరినవాళ్లూ ఈ వయసు పిల్లలే. వాళ్ల పోరు వాళ్లూ ఏనాడూ పోరాడలేదు.

నాయకులకు ఒక్క మాట. మీకు అంత పోరు ఉంటే మీరే ఎదురెదురు కూర్చుని తేల్చుకోండి, నామినేషన్ వేసి తేల్చుకోండి, కోర్టులో తేల్చుకోండి. మధ్యలోకి ఆ పిల్లల్ని లాగకండి.

ఆ ఫ్లెక్సీ నిన్న రాత్రి మేము ఈ పేజీ కట్టే సమయానికి కూడలిలోనే ఉంది. సింహం బొమ్మ కింద ఆ మూడు వరసల్లో ముప్పై పైచిలుకు ఫోటోలున్నాయి, ఒక్కోదాని కింద పేరు, ఊరు. రేపు ఏదైనా జరిగితే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కేది ఆ వరసలే. మున్సిపల్ అధికారులు దాన్ని దించేటప్పుడు చించి పారేయకుండా స్టేషన్‌కు పంపాలి. పోలీసులు ఆ పేర్లు చదివి ఒక్కో ఇంటికీ వెళ్లాలి. అందులో పద్దెనిమిది నిండనివాళ్లు ఎంతమందో లెక్క తీసి, వాళ్ల తల్లుల ఎదుట ఆ నాయకుణ్ణి కూర్చోబెట్టి సింహం కథ మళ్లీ చెప్పమనాలి.