సింకు కింద బకెట్టు

అద్దెకిచ్చిన ఇంట్లో వంటగది కొత్తగా చేయించాలా వద్దా అన్నది తొందరపడి తేల్చే విషయం కాదు. నెల్లూరు బాలాజీనగర్‌లోనూ, ఒంగోలు లాయర్‌పేటలోనూ ఓనర్లు దీని మీద ఏళ్ళ తరబడి ఆలోచిస్తూనే ఉన్నారు. పోర్షన్ ఖాళీ అయిన రోజు ఆలోచన మొదలవుతుంది, గోడకు కొట్టిన సున్నం ఆరేలోపు ముగుస్తుంది. మళ్ళీ మొదలయ్యేది పోర్షన్ ఖాళీ అయినప్పుడే. ఇంత నిదానస్తులైన పెద్దమనుషుల వాదనలను గౌరవంగా పరిశీలించడం మన విధి.

ముందు లెక్క చూద్దాం. పోర్షన్‌కు 9,000 అద్దె. ప్లాట్‌ఫారం మార్చి, టైల్స్ వేసి, కింద కబోర్డులు పెట్టిస్తే 1,20,000 అనుకోండి. నెలకు వెయ్యి పెంచితే అసలు చేతికి రావడానికి పదేళ్ళు. పని జరిగే నెల అద్దె పోతుంది కాబట్టి ఇంకో తొమ్మిది నెలలు. అగ్రిమెంటు చూస్తే 11 నెలలకే. 11 నెలల మనిషికి పదేళ్ళ వంటగదా? ఇన్‌కంటాక్సు వాళ్ళు కూడా వచ్చిన అద్దెలోంచి మునిసిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం వదిలేస్తారు. మీరు రెండు లక్షల పనులు చేయించినా, గోడకు ఒక్క మేకు కొట్టకపోయినా అదే 30. చట్టానికే లేని పట్టింపు ఓనరుకెందుకు?

తర్వాత రాయి సంగతి. ఒంగోలులో బస్సెక్కితే గంటలోపే చీమకుర్తి. అక్కడ తవ్వే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు, నల్లరాతిలో బంగారు చుక్కలతో, ఓడలెక్కి దేశదేశాల వంటిళ్ళకు పోతుంది. పక్కనున్న అద్దిళ్ళకు మాత్రం దానికి దారి తెలియదు. అక్కడ ఉండేది కడప రాయి. అది సున్నపురాయి జాతి. చింతపండు రసమో నిమ్మరసమో పడి కాసేపు తుడవకపోతే పులుపు రాయిని కొరికేస్తుంది, నునుపు పోయి తెల్లగా మచ్చ తేలుతుంది. సబీనాతో ఎంత తోమినా పోదు. అది మరక కాదు మరి, రాయి అరిగిన చోటు. బొమ్మిడాయిల పులుసు కాచే ఊళ్ళో ఈ రాయి పరచడం తెలివితక్కువ పని అని బయటివాళ్ళకు అనిపించవచ్చు. కానీ ఇల్లు ఖాళీ చేసేరోజు ఆ మచ్చలే సాక్ష్యం. "వాడకం బాలేదమ్మా" అని అడ్వాన్సులో పట్టుకోవాలంటే ఏదో ఒకటి చూపించాలి కదా. గ్రానైటు వేస్తే ఆ వీలు పోతుంది.

కొందరు సాహసించి మాడ్యులర్ కిచెన్ దాకా వెళ్తారు. వీరిది వేరే తరహా విషాదం. రేటు తగ్గించమంటే కార్పెంటరు తగ్గిస్తాడు, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు తెచ్చి. చూడ్డానికి అంతా ఒకటే, పైన లామినేట్ ఉంటుంది కదా. సింకు కింద తడి తగిలిన మొదటి వానాకాలానికే అడుగుభాగం అప్పంలా పొంగుతుంది, పొంగినచోట స్క్రూ పట్టు వదులుతుంది, తలుపు ఒక మడతబందు మీద వేలాడుతుంది. తడిని తట్టుకునేది ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్. ఐఎస్ 303 ఎంఆర్ అంటే తేమకు ఆగుతుంది గానీ నీళ్ళకు కాదు. ఈ రెండు అంకెల తేడా తెలియడానికి ఓనర్లకు ఒక వంటగది ఖర్చవుతుంది. అద్దింటికి నిజానికి చెక్కే అవసరం లేదు. ప్లాట్‌ఫారం కింద నిలువుగా రాతి పలకలు, వాటికి అల్యూమినియం ఫ్రేము తలుపులు చాలు. చెద పట్టదు, ఉబ్బదు. అందంగా ఉండదు, నిజమే. ఓనరు అందులో వంట చేయడు, అదీ నిజమే.

టైల్స్ దగ్గర పెద్ద గొడవ లేదు. ఎల్ ఆకారంలో గోడ వెంట 14 అడుగులు, ఎత్తు 2 అడుగులు, అంటే 28 చదరపు అడుగులు. 12 బై 18 అంగుళాల టైల్స్ 19, విరిగేవాటికి ఇంకో రెండు. పాత పెయింటు చెక్కకుండా సిమెంటు పాలతో అంటిస్తే ఏడాదిలో ఊడతాయి. రూపాయి బిళ్ళతో కొట్టి చూస్తే డొల్లమోత తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం.

"అన్నా, సింకు కింద నీళ్ళు కారతా ఉండాయి."

"కారతాయిలేమ్మా, బకెట్టు పెట్టుకో. వంటగది మొత్తం మార్చేస్తా ఉండాం గదా, ఇప్పుడు దానికి పెట్టడం దండగ."

వంటగది మార్పు అనే మహా ఆలోచన చేసే పని ఇదే. ఆలోచన నడుస్తున్నంతకాలం వాషరు మార్చక్కర్లేదు. కారడానికి కారణం సామాన్యంగా సింకు అడుగు రంధ్రానికి బిగించే వేస్ట్ కప్లింగ్ దగ్గర ఎండిపోయిన రబ్బరు వాషరు, లేదంటే సింకు అంచుకూ రాయికీ మధ్య ఊడిన సిలికాన్. ముడతల పైపును నేరుగా గొట్టంలోకి దూర్చేస్తే ఎక్కడా నీళ్ళు నిలవవు. నీళ్ళు అడ్డం లేకపోతే బొద్దింకలూ కంపూ దర్జాగా పైకొస్తాయి. అడుగున కాసిని నీళ్ళు నిలిపే బాటిల్ ట్రాప్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది, చేప పొలుసులు అడ్డుపడినా మూత విప్పి కడుక్కోవచ్చు. సామానూ ప్లంబరు కూలీ కలిపినా రెండు వేలు దాటదు. 1,20,000 గురించి ఆలోచించే మనిషిని రెండు వేల గురించి అడగడం మర్యాద కాదు.

కరెంటుదీ ఇదే వరస. గోడకు ఒకే ఒక్క 6 ఆంప్స్ ప్లగ్గు. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కరిగితే "మీ బాక్సు మంచిది కాదు" అంటారు. 16 ఆంప్స్ సాకెట్, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్త్‌తో సహా విడిగా లాగితే ఒక పూట పని. మహా ఆలోచన తేలాక లాగుతారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక ముక్క ఉంది. ఓనరు చేయించి తీరాల్సిన మరమ్మతును, చెప్పినా తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇది అద్దెకున్నవాళ్ళకు తెలియదు, ఓనర్లు చెప్పరు. ఏవి చేయించి తీరాల్సినవో అగ్రిమెంటులో రాసుకోవాలి, అగ్రిమెంటు రాయించేది ఓనరు.

ఈలోగా 11 నెలలు గడుస్తాయి. గేటుకు టు-లెట్ బోర్డు కడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పొయ్యి ఆగ్నేయంలో ఉందా, వండేటప్పుడు ముఖం తూర్పుకుంటుందా అని అడిగి సంతృప్తి పడతారు. సింకు కిందికి వంగి ఎవరూ చూడరు. సామాన్లు దించిన రోజు సాయంత్రం చూస్తే అక్కడ బకెట్టు సిద్ధంగా ఉంటుంది, వెనకటివాళ్ళు వదిలేసి పోయింది.