కలిసి కూర్చుంటే కొంప మునుగుతుంది

ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి ఊళ్ళో ఒక ఉమ్మడి చోటు కావాలట. కరెంటు పోని గది, తెగని నెట్, నడుం పట్టెయ్యని కుర్చీ, మధ్యాహ్నం పూట కాసేపు మాట్లాడుకోవడానికి అదే పని చేసే మరో నలుగురు. అమలాపురం నుంచి రాజోలు దాకా కోనసీమ కుర్రకారు నోట ఈ మాట తరచుగా వినపడుతోంది. దీన్ని మొగ్గలోనే తుంచెయ్యాలి. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి ఇన్వర్టర్ కింద వాళ్ళు, ఎవరి తలుపు వాళ్ళు గడియ పెట్టుకుని పని చేసుకోవడం మన పద్ధతి. ఆ పద్ధతి మీద బ్యాటరీ డీలరు బతుకుతున్నాడు, కేబుల్ ఆపరేటరు బతుకుతున్నాడు, ఎముకల డాక్టరు మేడ కట్టాడు. ఇంతమంది నోట్లో మట్టి కొట్టే హక్కు ఎవరిచ్చారు?

ముందు కరెంటు సంగతి. ఒక వీధిలో పదిమంది ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పది ఇన్వర్టర్లు ఉండాలి. అది ధర్మం. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్, ట్రాలీ, వైరింగు కలిపి పాతిక వేలకు అటూ ఇటూ. పన్నెండు వోల్టులు ఇంటూ 150 అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. బ్యాటరీని అడుగంటా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా తన వాటా తను తినేస్తుంది కాబట్టి చేతికొచ్చేది 1200 దగ్గర. ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు, పాత సీలింగ్ ఫ్యానుకి 75, ఎల్ఈడీ ట్యూబుకి 20, నెట్ పెట్టెకి 15, వెరసి 170. లెక్క ప్రకారం ఏడు గంటలు రావాలి. రాదు. ఎందుకంటే ఇన్వర్టర్ కొన్నది ఉద్యోగి అయినా వైరింగు దగ్గర నిలబడింది నాన్నగారు. హాల్లో ఫ్యాను, వంటింట్లో ఫ్యాను, టీవీ, చివరికి ఫ్రిజ్ కూడా అదే లైన్లో కలిపించేస్తారు. "డబ్బులెట్టి కొన్నాం కదరా, అన్నీ తిరగాల్సిందే" అని ఆయన సిద్ధాంతం. ఫ్రిజ్ కంప్రెసరు లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి కొన్ని రెట్లు ఒక్కసారిగా లాగుతుంది. ఇన్వర్టర్ కుయ్యోమని అరిచి ఆరిపోతుంది. పెరుగు మాత్రం పులవదు.

ఇన్వర్టర్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాని గురించి ఎవరూ ఎవరికీ చెప్పకూడదని ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. ఒక వైపు యూపీఎస్ అనీ, రెండో వైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో పెడితే కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపు వచ్చే రెప్పపాటు ఖాళీ ఫ్యానుకి తెలీదు గానీ రూటరుకి తెలుస్తుంది. అది ఆరి, మళ్ళీ లేచి, లైను పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు. అవతల మేనేజరు "ఆర్ యూ దేర్" అని గోడతో మాట్లాడుతుంటాడు. సరే అని యూపీఎస్ వైపు తిప్పితే ఇంకో తంటా. ఆ వైపు వోల్టేజీ 180 కిందికి దిగితే, లైన్లో కరెంటు ఉన్నా లేనట్టే లెక్కేసి ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోతుంది. సాయంత్రం ఏడింటికి ఊరంతా మోటార్లూ ఏసీలూ వేసే వేళ 170కి జారే వీధులు ఎన్నో ఉన్నాయి. కరెంటు పోకుండానే బ్యాటరీ తరిగిపోతూ ఉంటుంది. ఎవరూ గమనించరు. తొమ్మిదింటికి అమెరికా మీటింగు మొదలయ్యాక నిజంగా కరెంటు పోతే అప్పుడు తెలుస్తుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. పెద్ద ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి, నెట్ పెట్టెకి విడిగా చిన్న డీసీ యూపీఎస్, అంటే దాని ఒక్కదానికే సరిపడే చిట్టి బ్యాటరీ పెట్టె, తగిలిస్తే సరి. ల్యాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఎలాగూ ఉంది. నెట్ పెట్టె అడాప్టరు మీద 12 వోల్టులు అని ఉందో 9 అని ఉందో, ఎన్ని ఆంపియర్లో చూసి, పిన్ను సరిపోయేది తీసుకోవాలి. వెయ్యి, పదిహేను వందల్లో అయిపోయే పని. పక్కింటి కుర్రాడు ఎప్పుడో పెట్టుకునే ఉంటాడు. కానీ పక్కింటి కుర్రాడు పగలు నిద్రపోతాడు, మన ఉద్యోగి రాత్రి నిద్రపోతాడు, ఇద్దరూ కలిసేది సంక్రాంతికే. అదే అందరూ ఒక గదిలో కూర్చుంటే ఇలాంటి రహస్యాలు గంటలో పొక్కిపోతాయి. బ్యాటరీలో ఆర్ఓ ప్లాంటు నీళ్ళు పోయకూడదనీ, అందులో లవణాలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవనీ, డిస్టిల్డ్ వాటరే పోయాలనీ కూడా తెలిసిపోతుంది. అప్పుడు ఐదేళ్ళు రావాల్సిన బ్యాటరీ నిజంగానే ఐదేళ్ళు వస్తుంది. డీలరు పిల్లల చదువులేం కావాలి?

ఇక నెట్. తెలివైనవాళ్ళు రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకుంటారు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. రెండు తీగలూ వచ్చేది మాత్రం ఒకే కరెంటు స్తంభం మీంచి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌కి తీగ చాలామటుకు భూమిలో పాతకుండా స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు బాగా తగ్గింది, నెలకు 149 రూపాయలకే కనెక్షన్ అన్నారు. మంచి ఆలోచనే. ఆ స్తంభాలకే అందరూ వేలాడటం మొదలెట్టాక చిక్కు వచ్చింది. కోతలయ్యాక ఎత్తుగా గడ్డి కట్టుకుని ట్రాక్టరు వస్తుంది. ఏ కంపెనీ తీగ అని అడగదు, రెండూ తెంపుకుపోతుంది. గాలి వానకి కొబ్బరి మట్ట పడినా అంతే. కనుమనాడు ప్రభలు కదిలే దారిలో కరెంటు తీస్తారు, తీగలు ఎత్తుతారు. ఆ రోజు సెలవు పెట్టనివాడికి నెట్ లేదని ఏడ్చే అర్హతే లేదని ఊరి తీర్పు, దానికి అప్పీలు లేదు.

తెగాక పెట్టె మీద లాస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంది. ఆపరేటరుకి ఫోన్ చేస్తే, "మా కుర్రోళ్ళు లైన్లోనే ఉన్నారండి, అరగంటలో వచ్చేద్దండి" అంటాడు. అబద్ధం కాదు, లైన్లోనే ఉన్నారు, వేరే ఊరి లైన్లో. ఫైబర్ రాగి తీగ కాదు కదా, మెలిపెట్టి టేపు చుడితే పనిచెయ్యదు. లోపల వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది. రెండు కొసల్నీ శుభ్రంగా కోసి స్ప్లైసింగ్ మెషీన్లో ఎదురెదురుగా పెట్టి కరిగించి అతకాలి. ఆ మెషీను ఖరీదైంది, ఒక్కటే ఉంటుంది, నాలుగు మండలాలు తిరుగుతుంది. అతికిన ప్రతి చోటా కాస్త వెలుగు పోతుంది. ఇంటికొచ్చే సరికి వెలుగుని కొలిచే పవర్ మీటరులో మైనస్ 20 డీబీఎం దగ్గర చూపిస్తే హాయిగా ఉన్నట్టు. మైనస్ 27 కిందికి దిగితే కష్టం. అలాంటప్పుడు తప్పు స్తంభం మీదే వెతకనక్కర్లేదు. మిగిలిన తీగని కిటికీ పక్క మేకుకి బిగుతుగా చుట్టలు చుట్టి వేలాడదీసిన పుణ్యాత్ముడు ఇంట్లోనే ఉండొచ్చు. ఫైబర్‌ని గట్టిగా మడిస్తే వెలుగు మలుపు దగ్గరే బయటికి కారిపోతుంది.

ప్రభుత్వాలు ఈ విషయంలో చేయాల్సింది చేశాయి, అంటే చెప్పాయి. 2021లో ఊరూరా డిజిటల్ లైబ్రరీలు కడతామనీ, ఇంటి నుంచి పని చేసేవాళ్ళు అందులో కూర్చోవచ్చనీ ఒక ప్రభుత్వం చెప్పింది. 2025లో, ముఖ్యంగా ఆడవాళ్ళకి, పెద్దఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అనీ, ఊళ్ళలో కో-వర్కింగ్ స్థలాలు పెట్టేవాళ్ళకి ఐటీ విధానంలో ప్రోత్సాహకాలున్నాయనీ ఇంకో ప్రభుత్వం చెప్పింది. పార్టీలకతీతంగా ఇంత ఏకాభిప్రాయం ఈ రాష్ట్రంలో మరే విషయంలోనూ కనపడదు.

ఈ ప్రాంతపు రిమోట్ ఉద్యోగులంతా నిజంగా ఒకచోట చేరిన సందర్భం ఒకటుంది. 2022 మేలో, జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలయ్యాక నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి చేరిన కుర్రాళ్ళ ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఒకే కంపెనీలో ఏళ్ళ తరబడి పని చేస్తూ, ఒకే మండలం వాళ్ళమని తెలియనివాళ్ళు అక్కడ పరిచయమై ఉంటారు. సభాస్థలి, నీడ, గాలి అన్నీ గోదారమ్మే సమకూర్చింది. నెట్ తిరిగొచ్చింది, సభ చెదిరింది. మళ్ళీ కలవాలంటే మళ్ళీ నెట్ ఆపాలి, ఇంతకంటే తక్కువ ఖర్చులో సమాజాన్ని ఏకం చేసే మార్గం లేదు.

అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వస్తోంది. కొందరు శాఖా గ్రంథాలయాల మీద కన్నేశారు. వాళ్ళ వాదన ఇది: 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, కాబట్టి ఆ భవనం మనది. పన్ను రసీదు చదివేంత తీరిక వీళ్ళకెలా దొరికిందో మరి. ఆ పన్ను వసూలు చేసిన పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి సకాలంలో జమచేస్తే కదా భవనానికి సున్నమైనా పడేది! ఇంకా మాట్లాడితే, 1914లోనే బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనదనీ, 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కృష్ణా కాలువ వెంట ఊళ్ళకి తీసుకెళ్ళారనీ చరిత్ర తవ్వుతారు. ఆయన పడవకి పాస్‌వర్డు లేదు, ఒప్పుకుంటాం.

వాళ్ళ పథకం ఏమిటో ముందే తెలిస్తే అడ్డుకోవడం తేలిక, అందుకని వివరంగా రాస్తున్నాం. శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. మధ్యలో పదకొండు నుంచి నాలుగు దాకా భవనం తాళంతో విశ్రాంతి తీసుకుంటుంది. సరిగ్గా ఆ ఐదు గంటలూ అడుగుతారట. పన్నెండు మందికి కావలసిన సరంజామా: రెండు 150 ఏహెచ్ బ్యాటరీలతో 24 వోల్టుల ఇన్వర్టర్, తక్కువ కరెంటు తినే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు నాలుగు. పన్నెండు ల్యాప్‌టాప్‌లకి సగటున యాభై చొప్పున 600 వాట్లు, ఫ్యాన్లకి 120, నెట్‌కి 15. మూడు గంటలకి పైగా లాగుతుంది. మొత్తం యాభై వేల చిల్లర. అదే పన్నెండు మంది విడివిడిగా కొంటే మూడు లక్షలు. ఈ తేడా వ్యాపారుల జేబులోంచి పోతోందని వేరే చెప్పాలా?

నెట్‌కి కూడా లెక్క సిద్ధంగా ఉంది. వీడియో కాల్‌కి మనిషికి మూడు నాలుగు ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి, పన్నెండు మందికీ కలిపి యాభై లోపు. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండు వైపులా వంద ఇచ్చే ఒక ఫైబర్ లైను చాలు. ప్లాను అట్టమీద పెద్ద అక్షరాల్లో ఉండేది డౌన్‌లోడ్ మాత్రమే కావచ్చు, అప్‌లోడ్ ఎంతో విడిగా అడగాలి. పన్నెండు మందినీ కంపెనీ ఇచ్చిన చిన్న రూటరు వైఫై మీద వదిలేస్తే గొంతులు తెగుతాయి. అందుకని పదహారు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి పెట్టి, క్యాట్-6 తీగతో ఒక్కో బల్లకి ఒక్కో కనెక్షన్ ఇస్తారట. చూశారా ఎంత తెగించారో.

అదృష్టవశాత్తూ అడ్డంకులున్నాయి. గోడమీద నిశ్శబ్దం అని బోర్డు ఉంది. కాల్ వస్తే వరండాలోకి పోవాలి. మే నెలలో వరండాలో స్క్రీన్ కనపడదు, చెమట కనపడుతుంది. చాలా కంపెనీలు బయటి నెట్ వాడొద్దంటాయి, వీపీఎన్ తప్పనిసరంటాయి, పక్కవాడికి తెర కనపడకుండా ఫిల్టరు అంటించమంటాయి. అన్నిటికంటే ముందు, ఆ కుర్చీల్లో ఇప్పటికే గ్రూప్-2 అభ్యర్థులున్నారు. రుమాలు వేసి సీటు ఆపుకోవడంలో వాళ్ళ అనుభవం ముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళు పసిపిల్లలు.

గ్రంథాలయం వద్దు, ఏ కొట్టు మీదో గది అద్దెకి తీసుకుంటామన్నారా, ఇంకా మంచిది. నలుగురు కూర్చుని డబ్బులు పంచుకుంటున్నారని తెలిసిన మరునాడే మీటరు కేటగిరీ-1 గృహమా, కేటగిరీ-2 వాణిజ్యమా అనే తత్త్వచర్చ మొదలవుతుంది. వాణిజ్యమని తేలితే యూనిట్ ధర మారుతుంది. గది ఓనరు గారు ముందు జాగ్రత్తగా అద్దె కూడా మారుస్తారు.

ఎలాగైనా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టాలంటే, ఒక సంఘం పేరు మీద పెడితే ఆ అర్జీకి బరువుంటుంది. 2001 సొసైటీల చట్టం ప్రకారం సంఘం నమోదుకి కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాలి. ఏడుగురు దొరుకుతారు. అధ్యక్షుడు ఎవరు, కోశాధికారి ఏ వీధివాడు, ఆహ్వాన పత్రిక మీద ఎవరి ఫొటో పెద్దది అనే దగ్గర ఏడుగురూ రెండు సంఘాలవుతారు. అయితే ఒక్కో సంఘానికి మళ్ళీ ఏడుగురు కావాలి, ఉన్నది మూడున్నర. మిగతా సమావేశాలు జూమ్‌లో పెట్టుకోమనండి, కరెంటు ఉన్న పూట చూసుకుని.