కూర్చుని మాట్లాడే పరిశ్రమ

కర్నూలుకు కూర్చుని మాట్లాడటం కొత్త కాదు. రచ్చకట్ట మీద, టీ బంకు ముందు, ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయాక బస్టాండు బెంచీ మీద కూడా ఈ పని నిరాటంకంగా సాగుతుంటుంది. అందుకే ఐదుగురు పిల్లలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై మాట్లాడుతూ, ఫలితాన్ని పాచికలతో తేల్చుకునే బల్ల మీది ఆట) ఆడుతూ వెబ్ సిరీస్ తీస్తామనగానే ఇంట్లో పెద్దాయన అడిగేది ఒకటే: "కూర్చోని మాట్లాడేదానికి ఖర్చేముందిరా?" ఈ రంగానికి డ్రాగన్ వల్ల జరిగిన నష్టం తక్కువ. ఈ ప్రశ్న వల్ల జరిగిందే ఎక్కువ.

పిల్లల తప్పూ లేదనలేం. వాళ్లు చదివిన చరిత్ర అలాంటిది. 2012లో అమెరికాలో కొందరు డబ్బింగ్ కళాకారులు తమలో ఒకరైన లియమ్ ఓబ్రయన్ పుట్టినరోజుకని ఒక పూట ఈ ఆట ఆడారు. మన దగ్గరైతే పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టి ఊరుకుంటాం, వాళ్లకు ఆ సౌకర్యం లేకపోయింది. ఆట ఆగలేదు. 2015 మార్చిలో 'క్రిటికల్ రోల్' పేరుతో గీక్ అండ్ సండ్రీ చానల్‌లో ప్రత్యక్ష ప్రసారానికి ఎక్కింది. ఇంట్లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటిదే మరో ఆట నియమాలతో ఆడేవాళ్లు తెర కోసం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌కు మారారు. మొదటి కథే 115 ఎపిసోడ్లు నడిచింది, ఒక్కోటి మూడు నాలుగు గంటలు. 2019 మార్చిలో 22 నిమిషాల యానిమేషన్ బొమ్మల కథకు ఏడున్నర లక్షల డాలర్లు చందా అడిగితే గంట తిరక్కుండా వచ్చిపడ్డాయి. మొత్తం తేలింది కోటీ 13 లక్షల డాలర్ల పైచిలుకు. రసీదు పుస్తకంతో వీధి వీధీ తిరిగే మన వినాయక చవితి కమిటీలు ఈ పేరా చదవకపోవడం వాటి ఆరోగ్యానికి మంచిది.

పిల్లలకు ఇందులో బల్ల, కుర్చీలు, కోట్లు కనిపించాయి. ఆ కుర్చీల్లో ఉన్నది గొంతు అమ్ముకుని బతికే మనుషులని, కెమెరాల వెనక అప్పటికే నడుస్తున్న ఒక చానల్ ఉందని మాత్రం కనిపించలేదు.

సరే, బల్ల వేద్దాం. కెమెరా వైపు ఎవరూ కూర్చోకూడదు కాబట్టి అందరూ ఒకే వైపుకు చేరతారు, కర్నూలు కళ్లకు అది ప్రెస్ మీట్. దారిన పోయేవాడు కిటికీలోంచి తొంగిచూసి ఏ పార్టీ అని అడుగుతాడు. బల్లను గుర్రపు లాడం ఆకారంలో వేసి, కథ నడిపే డీఎంను కొసన కూర్చోబెడితే ఈ అనుమానం కొంత తగ్గుతుంది, ఒకరి ముఖం ఒకరికీ కనిపిస్తుంది.

సిరీస్ ప్రాణం పోయేది శబ్దం దగ్గర. నడిబల్ల మీద దూరపు చప్పుళ్లనూ పట్టేసే కండెన్సర్ మైకు ఒక్కటి పెడితే వినిపించే ముఖ్య పాత్ర సీలింగ్ ఫ్యాను, సహాయ పాత్ర పక్కింటి కుక్కరు. దగ్గరి గొంతునే బాగా పట్టే డైనమిక్ మైకు మనిషికొకటి కావాలి, నోటికి జానెడు లోపలే ఉండాలి. రెండు మైకుల మధ్య ఎడం, నోటికీ మైకుకీ ఉన్న ఎడానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. లేదంటే ఒకే గొంతు రెండు మైకుల్లో రవ్వంత తేడాతో పడుతుంది, కలిపేటప్పుడు బోలుగా, డొల్లగా తేలుతుంది. ఎవరి ట్రాక్ వారిది, రికార్డింగు నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గెయిన్, అంటే మైకు పట్టే ధ్వని స్థాయి, కుదిర్చేటప్పుడు డీఎం చేత మామూలుగా మాట్లాడించి సరిపెట్టుకోవద్దు, రాక్షసుడి గొంతుతో అరిపించాలి. రికార్డరు మీటరులో సున్నా దాటితే ధ్వని చిట్లుతుంది కాబట్టి ఆ అరుపు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. చిట్లిన ధ్వనిని అతికించే మంత్రం ఐదో ఎడిషన్‌లో లేదు.

ఇక ఫ్యాను ఆపాలి. మే నెల కర్నూలులో ఫ్యాను ఆపమనడం ఎంత మాటో బయటి ఊళ్లవాళ్లకు తెలియదు. ఏసీతో గదిని ముందే చల్లార్చి, రికార్డింగు నొక్కేముందు దాన్నీ ఆపాలి, ముప్పావు గంటకొకసారి విరామం ఇవ్వాలి. ఎందుకంటే మనుషులు ఓర్చుకున్నా కెమెరా ఓర్చుకోదు, వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, అదీ కథానాయకుడు ఇరవై ముఖాల పాచిక మీద అన్నిటికన్నా పెద్దదైన 20 వేసిన క్షణంలో. చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడిపితే ప్రతి ట్రాకులోనూ సన్నగా ఒక గుయ్‌మనే రొద చేరుతుంది. రికార్డరును బ్యాటరీ మీద ఉంచితే కరెంటు పోయినా మాటలైనా మిగులుతాయి.

విరామంలో ఉగ్గాని-బజ్జీ వస్తుంది, అడ్డుకోలేం. విరామంలోనే తినాలన్న నియమాన్ని మాత్రం గోడ మీద రాసిపెట్టాలి. స్నేహితుడి చావుకు ఎల్ఫ్ అనే కథాపాత్ర కన్నీరు పెడుతుంటే మరో మైకులో మిరపకాయ బజ్జీ కరకరలాడటం మన సిరీస్‌లకే దక్కే ప్రత్యేకత. నూనె చేత్తో పట్టిన పాచిక గురించి చెప్పక్కర్లేదు.

పాచిక చెక్కబల్ల మీద నేరుగా పడితే ఐదు మైకుల్లోనూ మోగుతుంది. ఫెల్ట్ గుడ్డ పరిచిన ట్రే మనిషికొకటి, లోహపు పాచికలు నిషేధం. ట్రేల పైన ఒక కెమెరా వేలాడాలి, అంకెలు దూరానికి తెలిసేలా పాచిక ముదురు రంగు, అంకె తెలుపు. ఆ కెమెరా లేకుండా వరసగా రెండు 20లు పడ్డాయంటే చూసేవాళ్లు నమ్మరు, ఓట్ల లెక్కింపు చూసి పెరిగిన జనం మరి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు. ఫోన్‌లో 30 ఫ్రేములకే వదిలేస్తే చవక ఎల్‌ఈడీల కింద డ్రాగన్ గుహ పెళ్లిపందిరిలా మినుకుమంటుంది.

పాత్రల బొమ్మలు కదిపే గడుల యుద్ధపటం సంగతి వేరే చెప్పాలి. ఆటలో ఒక అంగుళం గడి అంటే ఐదడుగులు. 36 అంగుళాలకు 24 అంగుళాల పటాన్ని ఫ్లెక్సీ షాపుకు పంపితే, "బిట్టు మిగుల్తాదన్నా, మూడున్నర అడుగులకు లాగేసినా" అంటాడు తమ్ముడు, మేలు చేసిన ముఖంతో. లాగింది ఒక వైపే. గడులు దీర్ఘచతురస్రాలయ్యాయి. ఆరు గడులు నడవగల ఎల్ఫ్ ఇప్పుడు ఉత్తర దక్షిణాల కంటే తూర్పు పడమరలకు వేగంగా పరిగెడతాడు. ఫ్లెక్సీ మెరుపుకు సగం పటం లైటు వెలుగులో కొట్టుకుపోతుంది, కాబట్టి మ్యాట్ వినైలే అడగాలి. మూలన అన్న ఫోటో, జన్మదిన శుభాకాంక్షలు లేవని ప్రింటుకు ముందే తెరమీద చూసుకోవాలి.

హక్కుల గొడవా ఉంది. ఆట సొంతదారైన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2023 జనవరిలో, బయటివాళ్లు ఆట నియమాలను వాడుకునే లైసెన్సును మార్చబోయింది, గోల రేగింది, ఆ నెలాఖరుకే 5.1 ఎస్‌ఆర్‌డీ అనే మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. 1953లో రాజధానై 1956లో కాకుండా పోయిన ఊరికి ఆట మధ్యలో నియమం మారడం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అంటే ఆ పత్రాన్ని సొంతదారు పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, కానీ బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి పేరుమోసిన జీవాల వివరాలు అందులో లేవు. పోతే పోనీ. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే జనం ఉండగా అరువు రాక్షసులెందుకు? ఆ కథలో వజ్రం దొరకడానికి 20 పడితే చాలనడం మాత్రం మరీ ఉదారం. ఒకటి నుంచి నూరు దాకా పడే నూరు పాచికను రెండుసార్లు వేసి రెండుసార్లూ 00, అంటే నూరు, పడాలి. పదివేలకొకటి, చేలో కంటే ఇదే మెరుగేమో.

చివరికి మిగిలేది సరుకు నిల్వ. సెకనుకు 100 మెగాబిట్ల 4కే కెమెరా గంటకు 45 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలు, నాలుగు గంటలు, 720 జీబీ. రెండు ప్రతులు ఉండి తీరాలి కాబట్టి దాదాపు ఒకటిన్నర టీబీ, ఒక్క ఎపిసోడ్‌కు.

కాబట్టి దీన్ని పరిశ్రమగా గుర్తించమని దరఖాస్తు పెట్టుకోవడం న్యాయం. ముడిసరుకు: మాటలు, స్థానికంగా లభ్యం. యంత్రాలు: పైన చెప్పినవి. శబ్ద కాలుష్యం: లేదు, ఫ్యాను కూడా ఆపేశాం. ఉపాధి: ఐదుగురు కూర్చోడానికి, ఒక్క ఎడిటరు నాలుగు గంటల ఫుటేజీ నాలుగు కోణాల్లో చూడటానికి. ఆ ఎడిటరు జీతం గడిలో "మనోడే" అని రాసి ఉంది.