సవరణ: రిసీవర్ కాళ్ల వరుస

టీవీ రిమోట్‌తో బల్బు వెలిగించే సర్క్యూట్ గురించి మొన్న రాస్తూ, రిమోట్ సంకేతాన్ని అందుకునే మూడు కాళ్ల ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్లన్నిటికీ టీఎస్‌ఓపీ 1738 అనే మోడల్ కాళ్ల వరుసే ఉంటుందన్నాను. అది తప్పు, ఒక్కదాన్నే చూసి అన్నిటికీ అంటగట్టాను.

తయారీదారు ఇచ్చే వివరాల పత్రాల (డేటాషీట్ల) ప్రకారం, ఉబ్బెత్తు భాగం మనవైపు ఉన్నప్పుడు ఎడమ నుంచి 1738కి గ్రౌండ్ (మైనస్), సప్లై (ప్లస్), అవుట్‌పుట్ (సంకేతం బయటికొచ్చే కాలు). టీఎస్‌ఓపీ 38238 అనే మరో మోడల్‌కి మాత్రం అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై. రెండూ 38 కిలోహెర్ట్జ్ రిమోట్ సంకేతాలు అందుకునేవే, చూడటానికీ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పాత వరుసలో 38238ని బిగిస్తే దాని గ్రౌండ్ కాలికి 5 వోల్టులు తగులుతాయి. నాది వేలు పెడితే చురుక్కుమంది, ఆ తర్వాత పలకలేదు.

నా పాత బొమ్మ చూసి వైర్లు కలిపినవారు కరెంటు ఇచ్చేముందు రిసీవర్ మీది నంబరు చూడండి. సర్క్యూట్ కోసం ఇచ్చిన ప్రోగ్రామ్ కోడ్‌లో మార్పేమీ లేదు.