భుజాలు తడుముకున్నవాళ్లంతా దొంగలే

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఒకడు భుజాలు తడుముకున్నాడట. అంతే, కేసు తేలిపోయింది. సాక్షులు లేరు, సోదా లేదు, కాయలు దొరికాయో లేదో సామెత చెప్పదు. దేహభాషను బట్టి మనిషిని చదివే విద్యకు ఇంతకన్నా గట్టి పునాది ఇంకేం కావాలి? ఆ రోజు భుజాలు తడుముకోకుండా నింపాదిగా నిలబడ్డవాళ్ల మాటేమిటని అడిగే అధికప్రసంగి అక్కడ లేకపోవడం అందరి అదృష్టం.

ఆ విద్య ఇప్పుడు పది నిమిషాల వీడియోలో వచ్చేస్తోంది. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు. ముక్కు గోక్కుంటే అబద్ధమాడినట్టు. పాదాలు తలుపువైపు తిరిగితే పారిపోవాలని చూస్తున్నట్టు. ఏసీ గాలి నెత్తిన కొడుతోందని, కుర్చీకి చేతులే లేవని, జలుబు చేసిందని, కుర్చీని తలుపు పక్కన వేసిందే మీరని... ఇవన్నీ ముద్దాయి తర్వాత చెప్పుకునే సాకులు.

సంభాషణలో మాటల వాటా 7 శాతమేనన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ తన సహచరులతో చేసిన రెండు ప్రయోగాల్లోంచి పుట్టిన లెక్క ఇది. ఒక ప్రయోగంలో 'మేబీ' (కావచ్చు) అన్న ఒక్క మాటను రకరకాల గొంతుల్లో రికార్డు చేసి, ముఖాల ఫోటోలు జతచేసి, ఆ మనిషిది ఇష్టమో అయిష్టమో చెప్పమన్నారు. అలా మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55 వచ్చాయి. చేతులకూ కాళ్లకూ అందులో చోటే లేదు. ఇష్టాయిష్టాలు వెల్లడించే సందర్భాలకే ఈ లెక్క వర్తిస్తుందని ఆయనే చెప్పాడు. అయితే ఆ సంగతి మాటల్లో చెప్పాడు కనక దాని విలువ కూడా 7 శాతమే.

ఇక నవ్వు. అసలైన నవ్వులో పెదవుల కొసలను లాగే కండరంతోపాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుస్తుందని 1862లోనే ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ రాశాడు. పరీక్ష సులువు. ఫోటోలో ముక్కు కిందిభాగం అరచేత్తో మూసేయండి. కళ్లు ఇంకా నవ్వుతుంటే నవ్వు నిజమన్నమాట. చిక్కల్లా ఒక్కటే: నటిస్తూ నవ్వినా సరే, గట్టిగా నవ్వితే బుగ్గలు పైకి తన్నుకొచ్చి కంటి కొసన అవే ముడతలు పడతాయి. కాబట్టి మనసారా నటించినవాడు పాసవుతాడు, మర్యాద కోసం కాస్త నవ్వినవాడు కపటిగా దొరికిపోతాడు. న్యాయమే కదా, కష్టపడ్డవాడికే ఫలితం.

అబద్ధాలను పసిగట్టే విద్యకైతే తిరుగే లేదు. పాత పరిశోధనలన్నీ పోగేసి, 24 వేల పైచిలుకు మంది తీర్పులను 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సరిగ్గా చెప్పినవి 54 శాతం. నాణెం ఎగరేస్తే 50. ఆ పనిలో తలపండిన వృత్తి నిపుణులూ మామూలు జనం కన్నా మెరుగేమీ కాదని తేలింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దొరికిపోతానన్న భయానికీ, నన్ను నమ్మరేమోనన్న భయానికీ పట్టే చెమట ఒకటే. అందరూ గుడ్లప్పగించి తనవైపే చూస్తుంటే, ఏ కాయా ఎత్తుకెళ్లనివాడి చెయ్యి కూడా భుజం మీదికే పోతుంది.

దీనికి ఇంకో పద్ధతి లేకపోలేదు గానీ, మహా విసుగు. ముందు ఐదు నిమిషాలు అటూ ఇటూ కాని కబుర్లు చెప్పి, ఆ మనిషి మామూలు తీరు గమనించాలి: చూపు, చేతులు, మాట వేగం. తర్వాత ఏ ప్రశ్న దగ్గర అది మారిందో పట్టుకోవాలి. ఒక్క కదలిక చాలదు, రెండు మూడు కలిసి మారాలి. అన్నీ కుదిరినా తేలేది "ఇక్కడేదో ఇబ్బంది ఉంది" అన్నంతవరకే. అదేమిటో తెలియాలంటే నోరు తెరిచి అడగాలి, పైగా చెప్పింది వినాలి. 7 శాతం కోసం ఇంత చాకిరీనా?

ఈలోగా ఉద్యోగాలకొచ్చే అభ్యర్థులూ అదే వీడియో చూసేశారు. ఇంటర్వ్యూ గదిలో బల్లకు అటొకరు, ఇటొకరు. అరచేతులు తెరిచి, పాదాలు ఎదుటివాళ్లవైపు పెట్టి, రెప్ప వాల్చకుండా కూర్చున్నారు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. ఇద్దరికీ ముక్కు దురద పెడుతోంది.