మూడు చుక్కల వెనుక మాట

పిజ్జా దుకాణాల సంస్థ డామినోస్ ఎదుగుదలకు ప్రకటనల ఖర్చే కారణమని ఓ వ్యాసకర్త రాశారు. ఆ మాటను ఒప్పుకోలేను. 1960లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో ఇద్దరు అన్నదమ్ములు కొన్న చిన్న దుకాణం అది. 1965లో డామినోస్ అన్న పేరు పెట్టుకున్నారు. గుర్తులోని మూడు చుక్కలు అప్పటి మూడు దుకాణాలే. అంటే మూడున్నప్పుడే ఒకే పేరు, ఒకే గుర్తు!

మా తమ్ముడికీ రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలో మూడు పిజ్జా దుకాణాలున్నాయి. పేర్లు మాత్రం మూడు. ఒక బోర్డు తెలుగులో, రెండు ఒడియాలో. గుణుపురంలో తిని మెచ్చుకున్నవాళ్లు రాయగడ వచ్చినప్పుడు వాడి దుకాణం ముందు నుంచే వెళ్లిపోతున్నారు, అదీ వాడిదేనని తెలియక. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ దసరాకైనా మూడింటికీ ఒకే పేరు పెట్టి, రెండు లిపుల్లోనూ రాయించమని వాడికి మళ్లీ చెబుతాను.